నలభై నాలుగో పద్దు

మా పక్కింటి డ్రైవర్ గారు పోయారని నాకు చెప్పింది కూరగాయల దీదీ. ఉదయం ఏడు దాటింది. బండి మా గేటు ముందు ఆపి, తక్కెడ చేత్తో పట్టుకునే, "మాసీమా, సాహెబ్ ఆర్ నేయ్" అంది బెంగాలీలో. సాహెబు ఇక లేరని. ముందు రోజు సాయంత్రమే ఆయన నా ఎర్ర సిరా పెన్ను పట్టుకెళ్లారు, పొద్దున్నే ఇచ్చేస్తానని చెప్పి. ఉన్నది ఉన్నట్టు రాయడం నాకు అలవాటు కాబట్టి రాస్తున్నాను: ఆ క్షణంలో నాకు ముందు కలిగింది విసుగు. మెయిలు బండ్లను నిమిషం తేడా రాకుండా నడిపిన మనిషి, నా ఇంటి నుంచి పట్టుకెళ్లిన ఏ వస్తువునూ చెప్పిన వేళకి తిరిగి ఇచ్చిన పాపాన పోలేదు. ఇప్పుడు ఇది.

మన తెలుగువాళ్ల సంచికకి ఆయన మీద రెండు పేజీలు రాయమన్నారు. ఆయన మంచితనం గురించి రాయండమ్మా అన్నారు. రాస్తాను. దానికి ముందు ఆయనతో వేగడం ఎంత కష్టమో కూడా రాస్తాను, లేకపోతే లెక్క సరిపోదు.

ఆయన ఆంగ్లో ఇండియన్. పెళ్లి చేసుకోలేదు. ఉన్న ఒక్క చెల్లెలు ఆస్ట్రేలియాలో పెర్త్ అనే ఊళ్లో స్థిరపడింది. ఇంజన్లో తన పక్కన పనిచేసిన శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్ల దగ్గర తెలుగు నేర్చుకున్నారు. మన ఇంజన్ షెడ్డువాళ్లు ఆయన్ని డ్రైవర్ దొర అనేవారు. నేను ఏనాడూ దొర అనలేదు, డ్రైవర్ గారు అన్నాను. ఆయన నన్ను మేడమ్ అన్నారు. నేను చేసింది ఇంగ్లీషు టీచరు ఉద్యోగం, ఆ పిలుపు నాకు కొత్తేమీ కాదు. అయినా నలభై ఏళ్ల పాటు ఆయన నోట ఆ మేడమ్ వింటుంటే నాకు ఒక ముల్లు గుచ్చుకుంటూనే ఉండేది. ఎందుకో చెప్పాలంటే ఇంకో మాట గురించి చెప్పాలి. అది ఇలాంటి సంచికలో అచ్చు వేయదగ్గది కాదంటారు కొందరు. వేయకపోతే ఈ వ్యాసమే లేదు. ఆ మాట బగ్గర్.

మా ఆయన ఆయనకి అసిస్టెంటు డ్రైవరు. అప్పుడు మేం నిమ్‌పురా రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం, మాది ఏడు, ఆయనది ఎనిమిది. నేను కాపురానికి వచ్చిన మొదటి వారమే, భుజాన సంచీతో మా గేటు దగ్గర నిలబడి వీధంతా వినిపించేలా కేకేశారు.

"ఏడీ మన బగ్గర్? టిఫినయినాదా, లేకపోతే బండిని ఆగమని సెప్పీమంటావేటి?"

మా ఆయన ఇడ్లీ నోట్లో ఉండగానే, "వస్తన్నాను దొరా!" అంటూ బూట్లు తొడుక్కున్నారు. మొహంలో ఎంత వెలుగో.

నాకు ఒళ్లు మండింది. నేను చదువుకున్న పెద్ద నిఘంటువు ఇంగ్లండులో అచ్చయినది. దాంట్లో చూశాను. అక్కడ ఆ మాట ఒకప్పుడు కోర్టు కాగితాల్లో నేరం పేరు. ఆ తర్వాత పచ్చి తిట్టు. అర్థం ఇక్కడ రాయను. ఒక మనిషి ఇంటి ముందుకొచ్చి, పెళ్లాం వింటుండగా, రోజూ అలా పిలుస్తాడా? ఎంత పొగరు? చాలాకాలం ఓర్చుకున్నాను. ఒకరోజు మా ఆయన డ్యూటీ దిగి వచ్చి కుర్చీలో కూర్చుంటే, నిఘంటువు తీసుకెళ్లి ముందు పెట్టాను.

"ఏమండీ, ఆయన మిమ్మల్ని రోజూ ఏమంటున్నాడో తెలుసా?"

"ఏటంటన్నాడు? బగ్గరంటన్నాడు. అందర్నీ అంటాడు. ఇంజన్నీ అంటాడు."

"అర్థం తెలుసా?"

"పిలిస్తే పలుకుతన్నాను కదే. అర్థంతో పనేటి?"

చదివి వినిపించాను. తెలుగులో కూడా చెప్పాను. ఒక బూటు విప్పారు, రెండోది విప్పలేదు.

"సదువుకున్నదానివి. నువ్వు సెప్పినాక కాదనడానికి నానెవర్ని" అన్నారు.

మర్నాటి నుంచి గేటు దగ్గర కేక వినిపిస్తే "దొరా" అనడం మానేశారు. నెల తిరక్కుండా వేరే డ్రైవరుతో డ్యూటీ వేయించుకున్నారు. కారణం ఎవరికీ చెప్పలేదు. డ్రైవర్ గారు కూడా అడగలేదు. గోడకి అటూ ఇటూ ఉన్న ఇద్దరూ మూడేళ్లు మాట్లాడుకోలేదు.

ఇంజన్లో ఒక పద్ధతి ఉంది. తెలిసినవాళ్లు మన్నించాలి, మిగతావారి కోసం చెబుతున్నాను. ఎదురుగా సిగ్నల్ కనిపించగానే డ్రైవరు పైకి అనాలి, "హోమ్ గ్రీన్" అని. అసిస్టెంటు తానూ చూసి, అదే మాట తిరిగి అనాలి. ఒక్కరు అంటే లెక్క కాదు. అన్న మాట వెనక్కి రావాలి. మా ఆయన మధ్యాహ్నం కునుకు తీస్తూ కూడా "డిస్టెంట్ గ్రీన్" అని గొణిగేవారు. ఆ మూడేళ్లూ నిద్రలో గొణగలేదు.

"కొత్త డ్రైవరు మర్యాదస్తుడే కదా?" అని అడిగాను ఒకసారి.

"మా బాగా మర్యాదస్తుడు. నన్ను మిస్టరంటాడు. ఆ మిస్టరెవడో నా ఎనకాల నిలబడ్డాడేటని తిరిగి సూస్తన్నాను."

నాకు అప్పటికీ బుద్ధి రాలేదు. నిఘంటువు తప్పు చెబుతుందా?

ఆ మూడో ఏడు మా అమ్మాయి నాలుగో తరగతి, నేను పనిచేసే బళ్లోనే. ఒకరోజు హెడ్‌మిస్ట్రెస్ కాలు బెణికి, కుంటుకుంటూ స్టాఫ్‌రూమ్‌కి వచ్చారు. మా అమ్మాయి నా టిఫిన్ డబ్బా ఇవ్వడానికి గుమ్మంలోకి వచ్చి, ఆవిడ్ని చూసి, నిండు జాలితో, చక్కటి ఉచ్చారణతో ఇంగ్లీషులో, "అయ్యో పాపం, ముసలి బగ్గర్" అంది. ఇంటికొచ్చాక దాని చెవి మెలేశాను.

"ఎక్కడ నేర్చుకున్నావే?"

"డ్రైవర్ అంకుల్ దగ్గర! నేను జాలే కదమ్మా పడ్డాను!"

ఆయన సాయంత్రాలు తన వరండాలో వీధి పిల్లలందరికీ ఇంగ్లీషు మాట్లాడటం నేర్పేవారు. మా ఆయన పలక్కపోయినా మా పిల్ల మాత్రం గోడ దూకి పోయేది. ఇక లాభం లేదు, పై అధికారులకి ఫిర్యాదు రాయాలనుకున్నాను. ఆధారం లేని ఫిర్యాదు నేను రాయను. ఒక చేతిపుస్తకం తీసుకుని గడులు గీశాను: తేదీ, ఎవరిని, ఏ సందర్భంలో. మొదటి పేజీలో నియమం రాసుకున్నాను: ఆయన నోట నేను స్వయంగా విన్నవి, ఆయన రాయగా స్వయంగా చూసినవి మాత్రమే. చెప్పుడు మాటలు ఎక్కించరాదు.

నెల రోజులు సాయంత్రం పూట నా వరండాలో కూర్చుని రాశాను. ఆయన చూడకపోలేదు. రెండో వారం నుంచి గోడ మీదుగా, "ఏటి మేడమ్, రికార్డు బాగా నడస్తన్నాదా?" అని పలకరించేవారు. ఇంత నిర్లక్ష్యమా అని ఇంకా మండిపోయాను.

నెలాఖరుకి నలభై మూడు పద్దులు. మొత్తం వేసి సరిచూసుకుంటుంటే రెండో గడి దగ్గర కళ్లు ఆగిపోయాయి. అంటుకోని కిరసనాయిలు స్టవ్, ఆరుసార్లు. గడ్డం గీసుకుంటూ అద్దంలో తన మొహం, ఐదు. రెక్క విరిగి ఆయన బుట్టలో ఉన్న కాకి, తొమ్మిది. షెడ్డు కుక్క. ప్రతి ఆదివారం పసుపన్నం, కైమా ఉండల కూర తినడానికి వచ్చే పాదిరి గారు, ఆయన ఎదుటే. లెక్క తప్పు చెప్పిన మా అమ్మాయి, లెక్క రైటు చెప్పిన మా అమ్మాయి. ఇక ఆ గడిలోకి ఎక్కనివాళ్లు? ఆయన మీద తప్పుడు రిపోర్టు రాసిన ఒక ఇన్‌స్పెక్టరు ఉండేవాడు. అతని ప్రసక్తి ఆ నెలలో నాలుగుసార్లు వచ్చింది, నాలుగుసార్లూ "ఆ జెంటిల్మన్" అనే అన్నారు, పళ్ల బిగువున. కుక్కని రాయి పెట్టి కొట్టిన ఎదురింటాయన, "దట్ జెంటిల్మన్". ఆయనకి సరిపడని ప్రతి మనిషికీ పూర్తి మర్యాద దక్కింది.

ఇరవై తొమ్మిదో పద్దు ఇది. ఎవరిని: మా ఆయన్ని. సందర్భం: మా అమ్మాయిని దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి, "మన ముసలి బగ్గర్‌కి దగ్గు తగ్గినాదా? తులసాకు ఏడినీళ్లలో వేసి తాగమను. నాను సెప్పినానని సెప్పకు."

మూడేళ్లు పలకని మనిషిని.

ఆ పద్దు రాసేటప్పుడు తేదీ, సందర్భం సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకున్నానే గాని, ఏం రాస్తున్నానో చూడలేదు. ఇంత చదువూ చదివి! మా ఆయన దగ్గరికి వెళ్లి ఇరవై తొమ్మిదో పద్దు చదివి వినిపించాను. నిఘంటువు చదివినప్పుడు ఎలా విన్నారో అలాగే విన్నారు. లేచి, గొడుగు తీసుకున్నారు. వాన లేదు.

గోడకి అటు నుంచి వినిపించింది.

"ఏరా బగ్గర్! మూడేళ్లు లేటు!"

"సిగ్నల్ పళ్లేదు దొరా. ఏటి సేస్తాను."

ఫిర్యాదు రాయలేదు. పుస్తకం ఆ రోజే మూసేసి ట్రంకు పెట్టెలో పెట్టాను. అయితే మూసే ముందు ఇంకొకటి గమనించాను. నలభై మూడింటిలో నేను ఒక్కసారి కూడా లేను. స్టవ్వు ఉంది, కాకి ఉంది, కుక్క ఉంది. నేను మేడమ్. ఆయన మర్యాద ఎవరికి పోతుందో నా లెక్కే నాకు చూపించింది. మా ఆయన్ని ఆయన నుంచి విడదీసింది ఎవరో ఆయనకి తెలియకుండా ఉంటుందా? ఆ ఇన్‌స్పెక్టరు పక్కన నిలబెట్టారు నన్ను. న్యాయమే.

రిటైరయ్యాక మగవాళ్లిద్దరూ కూడబలుక్కుని ఇందా అనే పేటలో పక్కపక్కన రెండు చిన్న ఇళ్లు చూశారు. నన్ను అడగలేదు. అక్కడ మళ్లీ మొదలు. నా కరివేపాకు అడక్కుండా కోయడం. నేను ఎండబెట్టిన వడియాల పక్కనే కాకులకి రొట్టె వేయడం. ఎంత ముఖ్యమైన సంగతి చెబుతున్నా సరే, రైలు యార్డు వైపు నుంచి హారన్ వినపడగానే చెయ్యి ఎత్తి నన్ను ఆపి, గడియారం చూసి, "నాలుగు నిమిషాలు లేటు" అనడం. అది ఏ బండో, ఎవరికి లేటో!

ఒక చలికాలం పెర్త్ నుంచి చెల్లెలు వచ్చింది. మా ఇంట్లో టీ తాగుతూ కప్పు జారవిడిచింది. "బగ్గర్!" అంది, కొంగంత రుమాలు తీసి తుడిచేసింది. ఎవర్నీ అనలేదు, కప్పునీ అనలేదు. వాళ్ల ఊళ్లో పాలు పొంగినా, బస్సు తప్పినా చర్చికి వెళ్లే ముసలమ్మలు కూడా అలాగే అంటారట. మన "అయ్యో" లాగా. మరుసటేడు ఇంగ్లండు నుంచి ఆయన దూరపు చుట్టాలబ్బాయి వచ్చాడు. అతను నన్ను పక్కకి పిలిచి, చెవులు ఎర్రబడి, "ఆంటీ, మా అత్తగారి ముందు ఆ మాట అనొద్దని అంకుల్‌కి మీరైనా చెప్పండి" అన్నాడు. నా నిఘంటువు పక్షాన మాట్లాడిన మొదటి మనిషి. వెంటనే గోడ దగ్గరికి వెళ్లి చెప్పాను.

డ్రైవర్ గారు పైపు నోట్లోంచి తీశారు. "ఇంగ్లండోడు దాన్ని జైల్లో ఎట్టినాడు. ఆస్ట్రేలియావోడు వంటింట్లో ఎట్టినాడు. మనం ఇంజనెక్కించినాం మేడమ్."

"నిఘంటువులో మాత్రం ఒకటే ఉంది."

"స్టేషన్ బోర్డు మీద పేరు రాసున్నాదని బండి అక్కడే ఉండిపోద్దేటి?"

ఇలాంటి మనిషితో ఎలా వాదించాలి?

మా ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. ఆ రోజు డ్రైవర్ గారు టోపీ తీసి, పడుకోబెట్టిన చోట వంగి, "సిగ్నల్ లేకుండా ఎల్లిపోనావేట్రా బగ్గర్" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి నిటారుగా నిలబడి, "అయాం సారీ, మేడమ్" అన్నారు. ఆ స్థితిలో కూడా ఆ బగ్గరూ, ఈ మేడమూ నాకు పక్కపక్కనే వినిపించాయి. ఇక ఆ మొదటి మాట ఈ వీధిలో వినే అర్హత ఉన్న మనిషి లేడనుకున్నాను.

తర్వాత ఆయనకి చూపు మందగించింది. నెలకొకసారి చెల్లెలికి రాసిన ఉత్తరం తెచ్చి నా ముందు పెట్టేవారు, తప్పులు చూడమని. నేను ఎర్ర పెన్నుతో ఆ మాట మూడుసార్లు కొట్టేస్తే శుద్ధప్రతిలో నాలుగుసార్లు ఉండేది.

"మేడమ్, మా సెల్లికి ఇది నాను రాసినట్టుండాల. హెడ్‌మిస్ట్రెస్ రాసినట్టు కాదు."

"అయితే నా దగ్గరికి ఎందుకు తెస్తున్నారు?"

"మీరు కొట్టేయకపోతే నాకు రాసినట్టుండదు."

ఒకసారి, ఉత్తరం చూడటం అయ్యాక, ధైర్యం చేశాను. "డ్రైవర్ గారూ, ఆ రోజుల్లో నేను నిఘంటువు చూసి మా ఆయనకి చెప్పడం..." అని మొదలుపెట్టాను. యార్డు వైపు హారన్ వినిపించింది. చెయ్యెత్తారు. గడియారం చూశారు. "సరిగ్గా టైముకి వచ్చినాది" అన్నారు, ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు. విన్నారో లేదో తెలియదు. మళ్లీ మొదలుపెట్టలేదు. అయినా ఏమని అడగాలి? నన్నెందుకు తిట్టరు అనా?

ఇలా ఉండగా ఆయన పోయారు. పోయిన నెల ఉత్తరం నాకు చూపించనే లేదు. ఇక నన్ను పూర్తిగా పక్కన పెట్టేశారనుకున్నాను. సమాధి దగ్గర పాదిరి గారు ప్రార్థన చదివినంతసేపూ వెనక నిలబడి, ఇంటికొచ్చి, వడియాల పళ్లెం లోపల పెట్టుకున్నాను. కాకులు వచ్చి చూసి పోయాయి. చర్చివాళ్లు ఆయన తలుపుకి తాళం వేశారు. నా పెన్ను లోపలే ఉండిపోయింది.

పదో రోజు ఉదయం పెర్త్ నుంచి చెల్లెలు ఫోన్ చేసింది. అన్నగారి ఆఖరి ఉత్తరం అప్పుడే అందిందట, మీకు సంబంధించిన ముక్క ఉంది, చదవనా అంది. ఇంగ్లీషులో చదివింది. నాకు అర్థమైనది ఇది:

"ఈసారి ఉత్తరం పక్కింటి ముసలి బగ్గర్‌కి చూపించలేదు. చూపిస్తే సగం కొట్టేస్తుంది. ఒకరోజు ఆవిడ ఎర్ర పెన్ను ఎత్తుకొచ్చేస్తాను, చూస్తూ ఉండు. ఎదురుగా అనాలని నలభై ఏళ్లుగా ఉంది గాని, అంటే లోపలికి పోయి ఆ పుస్తకం తెచ్చుకుంటుంది. తను లేకపోతే నేను రోజూ ఎవరితో దెబ్బలాడను?"

చెల్లెలు నవ్వుతోంది, ఏడుస్తోంది. "మిమ్మల్ని అలా అన్నాడని ఏమీ అనుకోకండి" అంది. వాళ్ల ఊరి అర్థం చెప్పబోయింది. అక్కర్లేదన్నాను. ఆ కాగితం ఫోటో తీసి పంపమన్నాను. నియమం నియమమే. ఆవిడ నోట విన్నది చెల్లదు, ఆయన చేతిరాత నా కళ్లతో చూడాలి.

ఫోటో వచ్చింది. వంకర గీతల ఇంగ్లీషు రాత. ఆయనదే. కొట్టివేతలు లేవు.

ట్రంకు పెట్టె తెరిచి పుస్తకం తీశాను. అట్ట ఊడింది, గడులు నిలిచాయి. ఎర్ర పెన్ను లేదు కాబట్టి నీలం సిరాతో రాశాను. నలభై నాలుగు. తేదీ, ఉత్తరం మీద ఉన్నది. ఎవరిని: నన్ను. సందర్భం: ఉత్తరం, సరిదిద్దనిది.

పుస్తకం మూయబోతే, పని సగమే అయిందనిపించింది. అన్న మాట వెనక్కి రావాలి కదా. ఇద్దరూ అంటేనే లెక్క. మా ఇంట్లో ఆ మాట తిరిగి అనవలసిన మనిషి తొమ్మిదేళ్ల క్రితమే వెళ్లిపోయాడు. మిగిలింది నేను. పుస్తకం పట్టుకుని వరండాలోకి వచ్చాను. తాళం వేసిన తలుపు వైపు తిరిగి, క్లాసులో ఆఖరి బెంచీకి వినిపించాలంటే ఎంత గొంతు కావాలో అంత గొంతుతో, ఉచ్చారణ తప్పు పోకుండా, ఆ మాట ఒక్కసారి అన్నాను.

గేటు దగ్గర కూరగాయల దీదీ ఉంది. చూసుకోలేదు. నాకోసం కాకరకాయలు తూస్తోంది. నా వైపు కళ్లు పెద్దవి చేసి చూసింది.

"కాకే బోల్‌ఛో, మాసీమా?" అంది. ఎవర్ని అంటున్నావు అని. నా పుస్తకంలో రెండో గడి అడిగేదీ అదే.

"పక్కింటాయన్ని" అన్నాను.

ఆమె ఆ తాళాన్ని చూసింది, నన్ను చూసింది. ఎత్తి పట్టుకున్న తక్కెడలో ఒకవైపు కాకరకాయలు, ఒకవైపు గుండు, రెండు సిబ్బెలూ ఇంకా పైకీ కిందికీ ఊగుతూనే ఉన్నాయి.